సొరబుర్ర, కూజా: స్తెరియా ఊళ్ళలో ఐదు రోజులు

మొదటి రోజు, బెల్‌గ్రేడ్

ఈ ప్రయాణానికి కారణం ఒక తిట్టు.

న్యూరెంబర్గ్‌లో మా ఆఫీసులో పాన్చెవో నుంచి వచ్చిన సెర్బియా అమ్మాయి ఒకతె నా పక్క సీట్లో కూర్చుంటుంది. ఓ మీటింగులో ఒకాయన తనకే అర్థం కాని మాటలన్నీ పోగేసి గంటసేపు దంచాడు. బయటికొచ్చాక ఆ పిల్ల నా చెవిలో "పొకొందిరెనా తిక్వా" అని కిసుక్కున నవ్వింది. తిక్వా అంటే సొరకాయ, గుమ్మడికాయల జాతి కాయ. కొందిర్ అంటే ద్రాక్షసారా పోసుకునే కూజా. కూజానైపోయానని మురిసిపోతున్న సొరబుర్ర అన్నమాట. మా నల్గొండ వైపు గీత పనివాళ్ళ నడుముకి సొరబుర్ర వేలాడటం చూసి పెరిగినదాన్ని నేను. ఆ తిట్టు నాకు వివరించి చెప్పాల్సిన పనే లేకపోయింది.

"ఇది మా స్తెరియా నాటకం పేరు. బళ్ళో అందరం చదివాం," అంది. యోవన్ స్తెరియా పోపొవిచ్, 1806లో పుట్టి 1856లో పోయినవాడు. హాస్య నాటకాలు రాశాడు. సెర్బియాలో బడుల వ్యవస్థకి చట్టం తెచ్చినవాడూ, మ్యూజియం పెట్టించినవాడూ కూడా అతనే. ఇదేం కలయికరా బాబూ అనిపించింది. మార్చిలో సెలవు పెట్టి బయల్దేరాను.

జర్మనీ నివాస కార్డు ఉంటే సెర్బియాకి విడిగా వీసా అక్కర్లేదు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళకి మాత్రం 2023 జనవరి నుంచి వీసా తప్పనిసరి అయింది, చూసుకోండి. బెల్‌గ్రేడ్‌లో సిటీ బస్సులకి టికెట్టు లేదు. 2025 నుంచి అంతా ఉచితం. అలవాటు కొద్దీ ఎక్కినప్పుడల్లా చెయ్యి పర్సు మీదికి పోతూనే ఉంది.

సాయంత్రం పెద్ద చర్చి దగ్గరికి వెళ్ళాను. 'సబోర్నా త్స్రుక్వా' అంటారు. 1837, 1840 మధ్య కట్టింది. ముఖద్వారానికి ముందు రెండు సమాధులు ఉన్నాయి. ఒకటి దొసితెయ్ ఒబ్రదొవిచ్‌ది. సన్యాసి మఠం వదిలేసి దేశాలు తిరిగి, 1808లో బెల్‌గ్రేడ్‌లో పెద్ద బడి తెరిచినవాడు. రెండోది వూక్ కరాజిచ్‌ది. 'మాట్లాడినట్టే రాయండి' అని ఒకో ధ్వనికి ఒకో అక్షరం చొప్పున ముప్పై అక్షరాలు స్థిరపరిచినవాడు. వూక్ 1864లో వియన్నాలో పోతే, అస్థికలు 1897లో ఇక్కడికి తెచ్చారు. గిడుగు వారి పేరు విన్న తెలుగువాళ్ళకి వూక్ గొడవ కొత్తగా ఏమీ తోచదు. అవే వాదాలు, అవే పండితుల కోపాలు.

స్తెరియా ఇక్కడ లేడు. అతను నది అవతల, సొంతూళ్ళో ఉన్నాడు. ఎందుకన్నది తర్వాత వస్తుంది.

చర్చి ఎదురుగా ఉన్న కఫానా పేరు '?'. అవును, బోర్డు మీద ప్రశ్నార్థకమే ఉంది. 1892లో యజమాని 'చర్చి దగ్గర' అని పేరు పెడదామంటే, సారా కొట్టుకి చర్చి పేరేమిటని పెద్దలు అడ్డుపడ్డారట. తేలేదాకా ఉండనీ అని ప్రశ్నార్థకం తగిలించాడు. ఇంకా తేలినట్టు లేదు.

రెండో రోజు, బెల్‌గ్రేడ్

పొద్దున్నే మాంసం లేని చీజ్ బూరెక్, గ్లాసుడు పెరుగు. మన మజ్జిగకీ పెరుగుకీ మధ్యరకం, గ్లాసెత్తి తాగేదే. పోపు లేని లోటు తప్ప వంక పెట్టడానికి లేదు.

దొసితెయ్ బడి నడిచిన ఇల్లు గొస్పొదార్ యెవ్రెమొవా వీధిలో ఇంకా నిలబడి ఉంది. పైఅంతస్తు వీధి మీదికి తొంగిచూసే తురక కాలపు ఇల్లు. ఇప్పుడది వూక్, దొసితెయ్‌ల మ్యూజియం. వూక్ ఆ బడిలో చదివినవాడే. గదుల్లో నడుస్తుంటే చెక్క నేల కిర్రుకిర్రుమంటుంది. అదే వీధిలో కొద్ది దూరంలో బైరక్లీ మసీదు ఉంది. స్తెరియా ఉద్యోగం చేసిన రోజుల్లో కొండమీది కోటలో తురక సైన్యం ఉండేది. అది ఖాళీ చేసింది 1867లో. అంటే పైన సుల్తాను ఫిరంగులు ఉండగానే కింద ఇతను బడుల లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి జాతీయ మ్యూజియం. ఎదురుగా గుర్రం మీద యువరాజు మిహైలో విగ్రహం. బెల్‌గ్రేడ్ వాళ్ళు ఎవర్ని కలవాలన్నా "గుర్రం దగ్గర" అనుకుంటారు, యువరాజు పేరు కూడా ఎత్తరు.

1842లో స్తెరియా విద్యాశాఖకి ముఖ్య అధికారి అయ్యాడు. 1844 మే 10న అతని సంతకంతో ఒక ఉత్తర్వు వెళ్ళింది: దేశంలో దొరికే పాత వస్తువుల్ని ఒకచోట చేర్చాలి. ఈ మ్యూజియానికి పుట్టినరోజు అదే. పాత కట్టడాల్ని కాపాడాలన్న ఉత్తర్వూ, బడుల వ్యవస్థ మొత్తానికీ చట్టమూ ఆ ఏడాదివే. అంతకు మూడేళ్ళ ముందు, 1841లో, అతనూ అతనాసియె నికొలిచ్ అనే సహోద్యోగీ కలిసి సెర్బియా సాహిత్య సంఘం పెట్టించారు. ఈనాటి సైన్స్, కళల అకాడమీకి మూలం అదే. నాటకాల రచయిత అనగానే మనం జుట్టు పెంచుకున్న మనిషిని ఊహించుకుంటాం. ఇతనేమో ఫైళ్ళ మనిషి. మనదేశంలో ఫైలుని తిట్టుకోవడమే గాని, ఒక ఫైలు తిన్నగా నడిస్తే ఏమవుతుందో ఈ మ్యూజియంలో నిలబడితే తెలుస్తుంది.

ఇందులో 4 లక్షల పైచిలుకు వస్తువులున్నాయంటారు. నేను ఒక్కదాని దగ్గరే అరగంట ఉండిపోయాను. దుప్‌ల్యయా బండి. మూడున్నర వేల ఏళ్ళ కిందటి, కంచు యుగపు మట్టిబొమ్మ. బండికి మూడు చక్రాలు. దాన్ని లాగేవి ఎద్దులూ కావు, గుర్రాలూ కావు, బాతులు. బండి మీద నిలబడ్డ దేవుడికి పక్షి మొహం, ఒంటినిండా చక్రాల ముగ్గులు. జాతరలో కొన్న బొమ్మలా అరచేతిలో పెట్టుకుని తాడు కట్టి లాగాలనిపిస్తుంది. దొరికింది స్తెరియా పుట్టిన బనాట్ నేలలోనే. మ్యూజియం పెట్టించిన మనిషి ఊరి వైపు మట్టి అది. ఇలాంటి బండే చిన్నది ఇంకోటి అతని ఊళ్ళోనే ఉందట.

మధ్యాహ్నం సావా నది ఒడ్డుకి దిగాను. ఇక్కడ జుమ్రుక్, అంటే సుంకాల గిడ్డంగి ఉండేది. 1841 డిసెంబరులో ఆ గిడ్డంగిలోనే బెల్‌గ్రేడ్ తొలి నాటకశాల మొదలైంది. తొలి నాటకం స్తెరియాదే, స్తెఫాన్ దెచాన్‌స్కి అనే పాత రాజు చావు కథ. ఆ గిడ్డంగి రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల్లో పోయింది. ఇప్పుడు ఆ వైపంతా కార్లూ, ట్రాములూ, నది మీదినుంచి వచ్చే చలిగాలీ.

స్తెరియా రాజుల కథలు రాశాడు గాని, జనం నాలుక మీద నిలిచినవి కామెడీలే. అవన్నీ దాదాపు ఒక్క సంగతి గురించే: మనిషి తాను కానిది అవాలని పడే పాట్లు. 1830లో వచ్చిన దాంట్లో అలెక్సా అనేవాడు జేబులో దమ్మిడీ లేకుండా బారన్‌నని చెప్పి, జర్మన్ నవలలు చదివి కలల్లో తేలే అమ్మాయికి కోతలు కోస్తాడు. తెలుగు నాటకం చదివినవాళ్ళకి ఈపాటికి ఒకడు గుర్తొచ్చే ఉంటాడు, పేరు నేను చెప్పక్కర్లేదు. మన సొరబుర్ర నాటకం 1838లో అచ్చయింది. అందులో ఫేమా అనే ఆవిడ చెప్పులు కుట్టేవాడి భార్య. మొగుడు పోయి, నాలుగు డబ్బులు చేతిలో పడేసరికి రాత్రికి రాత్రి దొరసాని అవాలనుకుంటుంది. రాని ఫ్రెంచి మాట్లాడుతుంది. రుజిచిచ్ అనే కవి ఆవిడ ఇంట్లో చేరి, ఎవరికీ అర్థం కాని స్లావిక్ గ్రాంథికంలో కవిత్వం గుప్పిస్తుంటాడు.

ఇక్కడో చిక్కుంది. గ్రాంథిక కవిని అంత ఉతికినవాడు వూక్ పక్షాన నిలబడి ఉంటాడనుకుంటాం. కానీ స్తెరియా చేరిన ప్రభుత్వం వూక్ అక్షరాల్ని ఒప్పుకోలేదు. పూర్తి ఆమోదం 1868లో గాని రాలేదు, అప్పటికి ఇద్దరూ లేరు. పైగా స్తెరియా పెట్టించిన సంఘం శాస్త్రాలకి కొత్త మాటలు పుట్టించే పనికి దిగింది. వూక్‌కి ఆ పని నచ్చలేదు. కమిటీలో కూర్చుని మాటలు పుట్టిస్తే ఏమవుతుందో మన పారిభాషిక పదకోశాలు తిరగేసినవాళ్ళకి తెలుసు. అయినా బడి తెరిచినవాడికి పాఠం చెప్పడానికి ఏదో ఒక మాట కావాలి కదా. నేను స్తెరియా పక్షమే.

మూడో రోజు, క్రగుయెవత్స్

బెల్‌గ్రేడ్ నుంచి రెండు గంటల పైచిలుకు బస్సు. 1841 దాకా ఇదే రాజధాని. యువరాజు మిలోష్ 1838లో ఇక్కడ పెట్టిన లిసేయంలో, అంటే ఆనాటి కాలేజీలో, స్తెరియా 1840లో న్యాయశాస్త్రం పంతులుగా చేరాడు. ఏడాది తిరిగేసరికి రాజధానితో పాటు కాలేజీ కూడా బెల్‌గ్రేడ్‌కి తరలింది. మిలోష్ నాటి పాత చర్చీ, అమీజా కొనాక్ అనే బంగళా చూశాను. చూడ్డానికి గంట చాలు.

మిగతా పూటంతా ఊరి చివర షుమరిత్సె మైదానంలో గడిచింది. 1941 అక్టోబరు 21న జర్మన్ సైన్యం ఈ ఊరి మగవాళ్ళని వేల సంఖ్యలో ఇక్కడ కాల్చి చంపింది. బళ్ళోంచి పిల్లల్ని, వాళ్ళ పంతుళ్ళనీ కూడా పట్టుకొచ్చారు. పిల్లల పేరున విరిగిన రెక్కల్లా లేచిన తెల్లటి స్మారకం ఉంది. నా వెనక ఓ బడి బస్సు ఆగింది. పదేళ్ళ పిల్లలు గోలగోలగా దిగి, స్మారకం దాకా వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే ఊరుకున్నారు. స్తెరియా గురించి రాసుకుందామని తెచ్చుకున్న నోటుబుక్కు ఆరోజు తెరవలేదు.

నాలుగో రోజు, వృషత్స్

తప్పు నాదే. ఫోన్లో ఎప్పుడో దాచుకున్న పాత మ్యాపు చూసుకుని సావా ఒడ్డున బస్టాండు ఉండే చోటికి పోయాను. బస్టాండు 2024లోనే నది దాటి న్యూ బెల్‌గ్రేడ్‌కి వెళ్ళిపోయింది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ అక్కడికి చేరేసరికి తొమ్మిదింటి బస్సు పోయింది.

వృషత్స్ స్తెరియా సొంతూరు. దాని పేరు సంగతి. లాటిన్ లిపిలో రాస్తే మధ్యలో అచ్చు లేకుండా హల్లులు గుట్టపడి కనిపిస్తాయి, జర్మన్లు నోరు తిరక్క తంటాలు పడతారు. తెలుగువాళ్ళకి ఆ బాధ లేదు. వాళ్ళ దగ్గర 'ర' అచ్చులా పలుకుతుంది, అచ్చం మన పాత ఋ. మనం 'వృషభం' అని రాసి 'వ్రు' అని పలుకుతాం. వాళ్ళ నోట్లో ఆ ఋ ఇంకా బతికే ఉంది. చివరిది 'చలి', 'చాప'లో ఉండే దంత్య చకారం. రెండూ మన ఇంట్లో ఉన్న సరుకులే. బస్సు డ్రైవరు నా ఉచ్చారణకి తలెత్తి చూసి, మూడు వాక్యాల సెర్బియన్ నా మీద కుమ్మరించాడు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

దూరం 85 కిలోమీటర్లు. ముందు డాన్యూబ్ దాటాలి. స్తెరియా రోజుల్లో ఈ నదులే సరిహద్దు. ఇవతల సుల్తాను కింద ఉన్న సెర్బియా, అవతల ఆస్ట్రియా చక్రవర్తి రాజ్యంలో ఉన్న సెర్బులు. అటు దాటేవాళ్ళని ప్లేగు భయంతో జెమూన్ దగ్గర క్వారంటీన్‌లో ఉంచేవారు. అవతలివైపు చదువుకున్న సెర్బులు ఇవతలికి వచ్చి కొత్త రాజ్యంలో గుమాస్తాలు, పంతుళ్ళు, అధికారులు అయ్యారు. వాళ్ళకి పెట్టిన పేరు 'ప్రెచాని', అవతలివాళ్ళు. ఒకే భాష, ఒకే దేవుడు, అయినా అవతలివాళ్ళే. మా ఉద్యోగాలన్నీ వీళ్ళే తన్నుకుపోతున్నారన్న గొణుగుడు. చదువుతుంటే ఎక్కడో విన్నట్టుంది. నేనున్న దేశంలో వింటున్నాను, పుట్టిన రాష్ట్రంలోనూ విన్నాను.

స్తెరియా అలాంటి అవతలివాడు. అదొక్కటే కాదు, అతని తండ్రి గ్రీకు మూలాల వర్తకుడు. తల్లి యులియానా, నికొలా నెష్కొవిచ్ అనే చిత్రకారుడి కూతురు. అతని కామెడీల్లో పేరున్న పిసినారి కిర్ యాన్యా, సెర్బియన్‌ని ముక్కలు ముక్కలుగా విరిచి మాట్లాడే గ్రీకు వర్తకుడు. 'కిర్' అంటే గ్రీకులో అయ్యగారు. అంటే జనాన్ని నవ్వించడానికి అతను తెచ్చిన యాస సొంత తండ్రి తరపు వాళ్ళది. ఇది తెలిశాక ఆ నాటకం మునుపటిలా నవ్వించలేదు నన్ను.

1848లో ఉద్యోగం వదిలేసి వృషత్స్ వచ్చేశాడు. చిన్నప్పట్నుంచీ రోగిష్టి మనిషి. వచ్చేసరికి ఇక్కడ హంగేరీ తిరుగుబాటు, యుద్ధం. పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా పట్టుకుని దేశభక్తి పేరుతో జేబులు నింపుకునేవాళ్ళని కళ్ళారా చూసి 'రొదొల్యుప్త్సి' రాశాడు. దేశభక్తులు అని అర్థం. అతను బతికుండగా అది అచ్చు కాలేదు. అవతల 'అవతలివాడు', ఇవతల నిజం రాస్తే అచ్చుకి నోచుకోనివాడు.

బల్లపరుపు నేల మీద గంటన్నర పోయాక ఒక్కసారిగా కొండలు లేచాయి. కొండ మీద ఒంటి బురుజు. బస్సు దిగగానే గాలి. దీన్ని కోషవా అంటారు. శరదృతువు నుంచి వసంతం దాకా ఆగ్నేయం వైపు నుంచి వీస్తుంది, ఈ ఊరు దానికి పుట్టిల్లు లాంటిది. నేను దిగిన ఇంటావిడకి డెబ్భై పైన ఉంటాయి, జర్మన్ వచ్చు. ఒకప్పుడు ఇక్కడ జర్మన్లు ఎక్కువ ఉండేవారు. తలుపు తీస్తూనే, "లోపలికి రా సినె, గాలి లోపలికొస్తుంది," అంది. సినె అంటే కొడుకా అని. ఆడపిల్లల్నీ అలాగే పిలుస్తారు, మనం కూతుర్ని 'నాన్నా' అన్నట్టు. కోషవా ఒక రోజులో ఆగకపోతే మూడు రోజులు, మూడుకి ఆగకపోతే ఏడు రోజులు వీస్తుందని లెక్క చెప్పింది. "ఇవాళ నాలుగో రోజు," అంది, అంటే ఇంకా మూడు ఖాయం అన్నట్టు.

కాఫీతో గసగసాల స్త్రూద్లా పెట్టింది. పిండి పొరల మధ్య నల్లటి గసగసాల ముద్ద. మనం గసగసాల్ని కూరలో చిక్కదనానికి చెంచాతో కొలిచి వేస్తాం. వీళ్ళు గుప్పిళ్ళతో వేస్తారు.

చీకటి పడేలోపు స్తెరియా ఇల్లు బయటినుంచి చూశాను. ఊళ్ళో నాటకశాలకి అతని పేరే. నోవి సాద్ నగరంలో 1956 నుంచి, అంటే అతను పోయిన నూరేళ్ళకి మొదలుపెట్టి, అతని పేరున నాటకోత్సవం జరుపుతున్నారు.

ఐదో రోజు, వృషత్స్

పొద్దున శ్మశానం. 1856 మార్చి 10న పోయాడు. ఏభై ఏళ్ళు. నేను వెళ్ళింది వర్ధంతి దాటిన వారానికి. గాలికి కొవ్వొత్తి వెలగదని ఇంటావిడ ముందే చెప్పింది, అయినా కొన్నాను. మూడు అగ్గిపుల్లలు వృథా. కొవ్వొత్తి అలాగే పెట్టి వచ్చేశాను. చివరి రోజుల్లో అతను రాసిన పద్యాలు 1854లో 'దవోర్యె' పేరుతో వచ్చాయి. నవ్వు జాడే ఉండదు వాటిలో. రాజ్యాలూ, కీర్తులూ అన్నీ గాలికి పోయేవే అన్న ధోరణి. ఈ గాలిలో నిలబడితే అందులో కవిత్వం కంటే వాతావరణ నివేదికే ఎక్కువ కనిపించింది నాకు.

బురుజు దాకా ఎక్కే ఓపిక లేక సగం దారిలో ద్రాక్షతోటల వైపు తిరిగాను. మార్చి కదా, తీగలకి ఆకు లేదు. కత్తిరింపు పని నడుస్తోంది. ఒక తోట అంచున ఇటుకల గిడ్డంగి, తలుపు తీసి ఉంది. అరవయ్యేళ్ళాయన రమ్మని చెయ్యి ఊపాడు. ఆయనకి పది జర్మన్ మాటలు, నాకు పది సెర్బియన్ మాటలు. లోపల చీపురుతో ఊడ్చిన మట్టినేల, వరసగా పీపాలు, పుల్లటి వాసన.

నేను స్తెరియా కోసం వచ్చానని చెప్పి "పొకొందిరెనా తిక్వా" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, గోడకున్న మేకు నుంచి ఒకటి తీసి చేతికిచ్చాడు. సొరబుర్ర! కింద పిడికిలంత ఉబ్బు, పైన మూరెడు సన్నటి మెడ, వాడి వాడి ముదురు గోధుమరంగు తేలి, నూనె పట్టినట్టు మెరుస్తోంది. రెండు చివరలా చిల్లులు. దీన్ని నతేగా అంటారు. ఇప్పుడందరూ గాజువి వాడుతున్నారు, ఇది వాళ్ళ నాన్నదట.

చేసి చూపించాడు. పీపా పైన మూత తీసి, ఒక చివర లోపలికి దించి, రెండో చివర నోరు పెట్టి ఒక్క గుక్క పీల్చాడు. వెంటనే చిల్లు మీద బొటనవేలు నొక్కాడు. బయటికి తీస్తే చుక్క కారలేదు. మా ఊళ్ళో గౌడన్న బుర్ర వంచి ఆకు దొన్నెలో కల్లు పోసేటప్పటి మొహమే ఈయనదీ, ఒలికితే ప్రాణం పోతుందన్నంత జాగ్రత్త. బల్ల మీద కాడ విరిగిన మట్టికూజా ఒకటి ఉంది. సొరబుర్రని దాని మీదికి తెచ్చి బొటనవేలు వదిలాడు. లేతపసుపు రంగు రీస్లింగ్ సన్నటి ధారగా కూజాలోకి పడింది.

"కొందిర్?" అని కూజా చూపించి అడిగాను.

కాదన్నట్టు తలూపి, "ప్లాస్టిక్ కంటే నయం," అని జర్మన్‌లో అన్నాడు. రెండు గ్లాసులు నింపి, సొరబుర్రని నీళ్ళతో తొలిచి, మళ్ళీ మేకుకి తగిలించాడు. తలుపు సందులోంచి కోషవా వచ్చి దాన్ని గోడకేసి టకటకా కొడుతూనే ఉంది, మేం తాగినంతసేపూ.